కొండమీద కుక్కకి ఇంటిపేరు ఉంటుంది

మొదటి రోజు, శుక్రవారం

పొద్దున్న నాలుగున్నరకే విశాఖలో బయల్దేరాం. బొలెరోలో ఐదుగురం, వెనకాల రెండు ఐసు పెట్టెలు, ఒక పెద్ద వల, గోనెసంచులు, నీలం రంగు డబ్బాలు, రెండు బస్తాల బ్రెడ్డు. బ్రెడ్డు ఎందుకని నేను అడగలేదు, తర్వాత తెలిసింది అది దండగ ఖర్చని. మావాడు పశువైద్యుడు, ఇంటర్లో నా పక్క బెంచీ. ఇద్దరు వల వేయడం తెలిసిన కుర్రాళ్ళు, ఒక డ్రైవర్ అన్న. ఇక నేను. నాకు ఈ పనిలో అర్హత ఏమీ లేదు, ఇంట్లో ఒక కుక్క ఉంది, రాయడం, సామాన్లు మొయ్యడం వచ్చు, డిసెంబర్లో అరకు అంటే ఎవరు పిలిచినా వచ్చేస్తాను, అంతే. పాడేరు ఏజెన్సీలో ఐదారు ఊళ్ళ కుక్కలకి రేబిస్ టీకాలు వేసి రావాలని ప్లాను. "నువ్వు కూడా ముందే టీకా వేయించుకో, కుక్కల మధ్యకి వస్తున్నావ్" అని మావాడు నెల ముందు నుంచి చెబుతూనే ఉన్నాడు. వేయించుకోలేదు. ఆ సంగతి ఐదో రోజు దగ్గర చెబుతాను.

శృంగవరపుకోటలో ఇడ్లీ, ఆ తర్వాత ఘాట్ రోడ్డు. సుంకరమెట్ట దగ్గర కాఫీ పళ్ళు కోస్తున్నారు, బుట్టలు నడుముకి కట్టుకున్న ఆడవాళ్ళు, వాళ్ళ కాళ్ళ దగ్గర ఒక్కో కుక్క. వలిసె పూలు అప్పటికే వాడిపోతున్నాయి, అయినా ఫొటోలు తీసుకునేవాళ్ళు తగ్గలేదు.

శుక్రవారం అరకు సంత. చోళ్ళు, అల్లం, పసుపు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు, ఎండుచేపలు. చివర్న మాంసం వరస. ఆ వరస కింద చూస్తే కుక్కలు, ఎన్నో. నేను ముప్ఫై దాకా లెక్కపెట్టి, అటూ ఇటూ తిరుగుతుంటే లెక్క తప్పి వదిలేశాను. "ఇన్ని వీధికుక్కలా" అన్నాను. మాతో కలవడానికి వచ్చిన పశుసంవర్ధక సహాయకుడు ఇక్కడి కుర్రాడే, తెలుగూ ఆదివాసీ ఒడియా రెండూ అవలీలగా మాట్లాడతాడు, కువి కూడా కొంచెం వచ్చు. పకపకా నవ్వాడు. "వీధి ఉంటే కదా సార్, వీధికుక్క ఉండడానికి. మా ఊళ్ళకి వీధులెక్కడివి?"

తర్వాత చూపించాడు. ఆ ఎర్రది గొడుగు పట్టుకున్న ఆవిడ వెనకాల వచ్చింది. ఆ తోక తెగినది రెండు కొండల అవతలి ఊరిది, యజమాని అల్లం అమ్ముతున్నాడు. నమ్మకం కలగలేదు. కానీ మూడు దాటాక సంత సర్దుకోవడం మొదలయ్యింది, జనం ఆటోల వెనక వేలాడుతూ కొందరు, నడిచి కొందరు వెళ్ళిపోతుంటే కుక్కలు కూడా ఒక్కొక్కటీ లేచి ఒళ్ళు దులుపుకుని ఎవరి వెనకాల అవి నడిచిపోయాయి. నాలుగున్నరకి మైదానంలో మిగిలినవి పద్నాలుగు. వీటికే ఇల్లు లేదు.

అవి ఎలా బతుకుతున్నాయో చూడడానికి దూరం వెళ్ళక్కర్లేదు. బొంగు చికెన్ బళ్ళ వెనక ఎముకలు, టూరిస్టులు కారు అద్దం దించి పడేసే బిర్యానీ పొట్లాలు, హోటళ్ళ పెరళ్ళు. కొండల్లో ఇంటి కుక్కకి దొరికేది అంబలి అడుగు, గంజి. ఇక్కడ దిక్కులేని కుక్కకి రోజూ కోడి. ఏది నున్నగా ఉంటుందో చెప్పక్కర్లేదు. సహాయకుడు ఇంకో మాట కూడా చెప్పాడు, ఊళ్ళో ఆడపిల్లలు పుడితే, కుక్కపిల్లల సంగతే, కొంతమంది గంపలో తెచ్చి సంతలో వదిలేసి పోతారట, ఇక్కడైతే ఏదో తిని బతుకుతాయని. ఆ రాత్రి మేమూ బొంగు చికెన్ తిన్నాం. ఎముకలు ఎక్కడ పడేశానో నాకు గుర్తులేదు, అంటే ఎక్కడ పడేశానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

రెండో రోజు, శనివారం

చెప్పుకోడానికి సిగ్గుగా ఉన్న రోజు, కాబట్టి పూర్తిగా చెబుతాను.

డుంబ్రిగుడ దాటి, చాపరాయి జలపాతం పక్కనుంచి లోపలికి మట్టిరోడ్డులో వెళ్తే వచ్చే ఊరు. ఊరి పేరు రాయను. యాభై అరవై ఇళ్ళు. మా బొలెరో ఊళ్ళోకి దూరింది, వల పట్టుకున్న ఇద్దరు దిగారు, అంతే. ముందు ఒక కుక్క అరిచింది, తర్వాత అన్నీ అరిచాయి, ఆ తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. పది నిమిషాల్లో ఊళ్ళో కుక్క అనేది లేదు. పైన జీడితోటలోకి, పొదల్లోకి వెళ్ళి అక్కడ కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి. బ్రెడ్డు విసిరాం. వచ్చి నోట కరుచుకుని మళ్ళీ పొదల్లోకి. ఒక నల్ల కుక్క అయితే మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ వల పడేలోపు మాయమయ్యింది. నాలుగోసారి దానికి బ్రెడ్డు మీద విసుగొచ్చినట్టుంది, రాలేదు.

ఈలోపు ఆడవాళ్ళు బయటికి వచ్చారు. "ఎక్కడికి పట్టుకుపోతారు? తిరిగి ఇస్తారా?" అని ఒకావిడ అడిగింది. టీకా వేసి వదిలేస్తాం అమ్మా అంటే, మరి వల ఎందుకు అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. ఎప్పుడో ఎవరో వల తెచ్చి కుక్కల్ని తీసుకెళ్ళారట, అవి తిరిగి రాలేదట. ఎవరు, ఎప్పుడు అనేది ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పారు. కానీ వల అంటే ఆ ఊళ్ళో ఆ అర్థమే ఉండిపోయింది. సాయంత్రానికి తొమ్మిది కుక్కలకి వేశాం. అందులో నాలుగు పిల్లలు, పారిపోవడం ఇంకా నేర్చుకోనివి.

రాత్రి జీపులో మావాడు చెప్పుకొచ్చాడు. కుక్కల్ని చంపకూడదు, పట్టి ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవికి గాటు పెట్టి, పట్టిన చోటే వదలాలి అనేది 2001 నుంచీ ఉన్న నిబంధన. 2023 మార్చిలో కొత్త నిబంధనలు వచ్చాయి, వాటిలోనూ అదే పద్ధతి, బాధ్యత స్థానిక సంస్థలది. నగరంలో అయితే మున్సిపాలిటీకి వ్యాను ఉంటుంది, ఆపరేషన్ గది ఉంటుంది, కుక్కల్ని నాలుగు రోజులు ఉంచడానికి గదులు ఉంటాయి. ఇక్కడ స్థానిక సంస్థ అంటే పంచాయతీ. మనుషులకే డోలీ కట్టి మోసుకురావాల్సిన ఊళ్ళున్న చోట పంచాయతీ కుక్కకి ఆపరేషన్ థియేటర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? "అందుకే నేను ముందు టీకా అంటాను. ఆపరేషన్ తర్వాత సంగతి. పిల్లలు ఎక్కువైతే తిండికి కరువు, పిచ్చి పుడితే మనిషి చావు" అన్నాడు. పిచ్చి లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు లేనే లేదు కాబట్టి వాడి మాట కాదనలేను.

మూడో రోజు, ఆదివారం

వల జీపులోనే వదిలేశాం. నిజానికి రాత్రి అదే ఊళ్ళో బడి వరండాలో పడుకున్నాం, పడుకున్నాం అనడం మర్యాద, ఆ చలికి కూర్చుని తెల్లవార్చాం. ఐదున్నరకి బయట నెగళ్ళు వేశారు. అప్పుడు కనిపించింది అసలు దృశ్యం, ప్రతి నెగడు చుట్టూ మనుషులు ఒక వరస, మనుషుల వెనక కుక్కలు ఒక వరస. కొన్నయితే బూడిదలోనే ముడుచుకుని పడుకున్నాయి, వీపు మీద మసి. నిన్న మాకు దొరకని నల్లది కూడా అక్కడే, ఒక ముసలాయన కాళ్ళ మధ్య తల పెట్టుకుని.

ఆయన పక్కన కూర్చుని అడిగితే ఆయనే మొత్తం చెప్పాడు. పొద్దెక్కితే కుక్కలు ఉండవు బాబూ, మనుషుల వెనక తోటలకి, మేకల వెనక కొండకి పోతాయి. మొక్కజొన్న పొలంలోకి అడవిపంది రాకుండా రాత్రి కాపలా కాసేది ఇవే. చైత్రంలో ఇటుకల పండగకి మగవాళ్ళంతా వేటకి వెళ్ళే ఆచారం ఉంది కదా, అప్పుడు ముందు నడిచేవి ఇవే. పని చేసేదాన్ని వల వేసి పడితే ఊరుకుంటుందా? పొద్దున్నే రండి, లేదంటే దీపాలు పెట్టాక రండి, ఎవరి కుక్కని వాళ్ళు పట్టుకుంటారు.

అంతే. ఇంత చిన్న విషయం తెలియడానికి మాకు ఒక వల, రెండు బస్తాల బ్రెడ్డు, ఒక రోజు పట్టాయి.

పిల్లలు చంటిబిడ్డల్ని ఎత్తుకొచ్చినట్టు కుక్కల్ని ఎత్తుకొచ్చారు. పెద్దవాటికి ఇంటివాళ్ళు తువ్వాలు మూతికి చుట్టి, మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంటే మావాడు మెడ వెనక తోలు పైకి లాగి, ఒక మిల్లీలీటరు, రెండు సెకన్ల పని. నేను వీపు మీద నీలం చుక్క పెట్టి, కార్డు మీద రాయాలి. ఎనిమిదింటికల్లా నలభై మూడు. వాళ్ళూ మేమూ కలిసి లెక్కేస్తే ఊళ్ళో మొత్తం యాభై అయిదు దాకా ఉంటాయన్నారు. నూటికి డెబ్భై కుక్కలకి టీకా పడితే జబ్బు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకే గొలుసు తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, ఆ గీత దాటేశాం. ఆఖర్న చూస్తే ఒక మేక వీపు మీద కూడా నీలం చుక్క ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు, పిల్లలందరి వేళ్ళూ నీలంగానే ఉన్నాయి.

ఆ తర్వాత నా ఘనకార్యం. టీకా సీసాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. తెల్లవారుజామున అరకులో ఐసు పెట్టె కూడా అక్కర్లేదు, సీసాలు బయట పెట్టినా ఫ్రిజ్‌లో పెట్టినట్టే అని జోకులేసుకున్నాం. పది దాటాక లోయలో మంచు విడిపోతుంటే ఫొటో తీద్దామని రెండో పెట్టె బోనెట్ మీద పెట్టి వెళ్ళాను. మూత సరిగ్గా పడలేదు. ఒంటిగంటకి చూస్తే ఐసంతా నీళ్ళు, థర్మామీటర్ 17 చూపిస్తోంది. మావాడు ఏమీ అనలేదు. అరవై డోసులు లెక్కపెట్టి ఒక కవర్లో వేసి, పనికిరావు అని రాసి, జీపు వెనకాల పెట్టేశాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం చెట్టు కింద ఆ ముసలాయనే మనుషుల టీకా గురించి అడిగాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడుస్తారు కదా, అందుకే కుక్క కరిచినా మావాళ్ళు ఆసుపత్రికి పోరు, పసరు కట్టుకుంటారు అన్నాడు. అది పాత టీకా తాతా, 2004 చివర్లోనే మన దేశంలో ఆపేశారు, ఇప్పుడు చేతికి, అదీ చీమ కుట్టినంత అని మావాడు చెప్పాడు. ముసలాయన నమ్మలేదు. టీకా పోయి ఇరవై ఏళ్ళయింది, దాని భయం మాత్రం ఇంకా కొండమీదే ఉంది.

నాలుగో రోజు, సోమవారం

హుకుంపేట మీదుగా పాడేరు వైపు. దారిలో ఒక ఆశ్రమ పాఠశాల, రెండొందల మందికి పైగా పిల్లలు, వంటగది వెనక ఎనిమిది కుక్కలు. ఇవి సంత కుక్కల్లాంటివే, అన్నం కోసం చేరినవి.

ఇక్కడ సమస్య వేరు. అంతకు నెల రోజుల ముందే, 2025 నవంబర్ 7న, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కల్ని తీసెయ్యాలి, టీకా వేసినా మళ్ళీ అక్కడే వదలకూడదు, షెల్టర్లకి తరలించాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడి మాస్టారు పేపర్ కటింగ్ జేబులోంచి తీసి చూపించారు. "తీసెయ్యమన్నారు, సరే. తీసి ఎక్కడ పెట్టాలి? షెల్టర్ ఎక్కడుందో చెబితే నేనే ఆటోలో తీసుకెళ్తాను" అన్నారు. కోర్టు భయం ఆయనకి ఒక పక్క, ఆ కుక్కలు లేకపోతే రాత్రి పాములొస్తే ఎవరు అరుస్తారని పిల్లల గొడవ ఒక పక్క. నాకైతే కోర్టు కోపం అర్థమయ్యింది, బడిపిల్లల్ని కుక్కలు కరవడం చిన్న విషయం కాదు. కానీ ఢిల్లీలో చెప్పిన మాట ఇక్కడికి వచ్చేసరికి ఆటోకి అడ్రస్ లేదు.

మావాడు చేయగలిగింది చేశాడు. ఎనిమిదింటికీ టీకా. వంటగది వెనక మిగిలిన అన్నం పోసే చోట గొయ్యి తవ్వించి రేకు మూత పెట్టించాడు. గోడ పడిపోయిన చోట కంప కొట్టించాడు. తిండి దొరకకపోతే నెలలో సగం వాటంతటవే వెళ్ళిపోతాయని వాడి లెక్క, వెళ్తాయో లేదో నేను చూడలేదు.

తర్వాత పిల్లల్ని కూర్చోబెట్టి, కుక్క కరిస్తే మొదట ఏం చేస్తారు అని అడిగాడు. కారం పెడతాం, సున్నం పెడతాం, పసుపు పెడతాం. సబ్బుతో పావుగంట కడగాలి, ధారగా పడే నీళ్ళ కింద, అదే మొదటి మందు అన్నాడు. పావుగంట అంటే ఎంతసేపు సార్ అని ఒక పిల్ల అడిగింది, బడిలో గడియారం ఆఫీసు గదిలోనే ఉంది మరి. చివరికి మాస్టారే తేల్చారు, రెండో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం దాకా నిదానంగా చదివితే పావుగంట. అందరూ చేతులు తోముకుంటూ ఎక్కాలు మొదలుపెట్టారు, పదిహేడో ఎక్కం దగ్గర సగంమంది ఆగిపోయారు.

వెళ్ళేటప్పుడు ఒక ఐదో తరగతి పిల్లాడు మావాడి చొక్కా లాగి, మోకాలి కింద గీత చూపించాడు. నాలుగు రోజుల కిందటిది. సూది వేస్తారని ఎవరికీ చెప్పలేదట. మాస్టారు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బండి మీద ఎక్కించుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళిపోయారు.

ఐదో రోజు, మంగళవారం

జి.మాడుగుల దాటాక జీపు ఆగిపోయే చోటుంది, అక్కణ్ణుంచి నడక. రెండు గెడ్డలు (కొండవాగులు), ఒక ఏటవాలు కాఫీ తోట, రెండు గంటలు. పైన ఇరవై రెండు గడపలు. ఫోన్‌లో సిగ్నల్ లేదు, ఊరికి కొంచెం పైన ఒక పనస చెట్టుంది, దాని మొదట్లో నిలబడితే ఒక గీత వస్తుంది. పశువులకి జబ్బు చేస్తే 1962కి ఫోన్ చేయొచ్చని గోడ మీద రాసి ఉంది. ఫోన్ చెయ్యాలంటే పనస చెట్టు దాకా ఎక్కాలి.

నాకు ఈ యాత్ర మొత్తంలో నచ్చిన మనిషి ఇక్కడే దొరికింది. డెబ్భై దాటిన అవ్వ, ముక్కుకి మూడు ముక్కెరలు, కుక్కని చెవి పట్టుకుని నడిపించుకొచ్చింది. కార్డు రాస్తూ పేరు అడిగాను. "కాలూ" అంది. రాశాను. కార్డు తీసుకుని, పక్కనున్న మనవడితో చదివించుకుని, మళ్ళీ నా చేతిలో పెట్టింది. "ఇంటిపేరు రాయలేదు బాబూ." కుక్కకి ఇంటిపేరా అవ్వా? "మా ఇంట్లో ఉంటాడు కదా, ఇంటిపేరు ఉండదా? రేషన్ కార్డులో రాస్తారు, దీంట్లో రాయరా?" వాళ్ళది కిల్లో గోత్రం. కిల్లో అంటే పులి. రాశాను: కిల్లో కాలూ, మగ, నలుపు, నాలుగేళ్ళు. అవ్వ ఆ కార్డుని ఆధారూ, ఉపాధి హామీ కార్డూ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి చూరులో దోపింది.

అదే కాలూ పది నిమిషాల తర్వాత నన్ను కరిచాడు. వాడి తప్పేమీ లేదు. సూది అయిపోయింది, తువ్వాలు విప్పారు, నేను నీలం చుక్క మర్చిపోయానని వెనకనుంచి వీపు మీద చెయ్యి వేశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మంలో రెండు పళ్ళు దిగాయి, రక్తం వచ్చింది. అవ్వ కుక్కని ఒక్కటి వేసింది, తర్వాత నన్ను కూడా తిట్టింది, ఏమని తిట్టిందో సహాయకుడు అనువాదం చెయ్యలేదు.

గెడ్డ దగ్గర బండమీద కూర్చుని సబ్బుతో కడిగాను. డిసెంబర్ గెడ్డ నీళ్ళు. నాలుగో నిమిషానికి వేళ్ళు మొద్దుబారాయి, పావుగంట ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. మావాడు ఒడ్డున నిలబడి, "పన్నెండో ఎక్కం అయ్యిందా?" అంటున్నాడు. ముందే వేయించుకుని ఉంటే ఇప్పుడు రెండు డోసులతో పోయేది అని ఒక్కసారే అన్నాడు, అది చాలు.

రెండు గంటలు కిందికి దిగి, జీపులో ఆరోగ్య కేంద్రం. నర్సమ్మ చూసి, రక్తం వచ్చింది కాబట్టి మూడో రకం గాయం, టీకాతో పాటు, అది పనిచేసే లోపు కాపాడడానికి గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి, దానికి పాడేరు పెద్దాసుపత్రికి వెళ్ళండి అంది. టీకా అక్కడే వేసింది, రెండు చేతులకీ చెరొకటి, ఒక్కోటి 0.1 మిల్లీలీటరు, నిజంగానే చీమ కుట్టినంత. పాడేరులో గాయంలోకి వేసింది మాత్రం చీమ కాదు. దాని గురించి ఎక్కువ రాయను.

నర్సమ్మ చీటీ మీద తేదీలు రాసింది. ఈ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నాకు మిగిలినవి స్కూటర్ మీద పావుగంట దూరంలో ఉన్న ఆసుపత్రికి మూడుసార్లు వెళ్ళడం. అవ్వ మనవణ్ణి కరిచి ఉంటే? రెండు గంటలు దిగడం, ఆటో, లైను, మళ్ళీ రెండు గంటలు ఎక్కడం, ఒక పెద్దమనిషి కూలి పోవడం, ఇదంతా నాలుగుసార్లు. టీకా ఉచితమే, దారి ఉచితం కాదు. రెండు డోసుల తర్వాత చాలామంది రారు అని నర్సమ్మ చెప్పింది, వాళ్ళని తిడుతున్నట్టు కూడా చెప్పలేదు. మనిషి కొండ దిగి నాలుగు సూదులు వేయించుకునే బదులు, ఏడాదికొకసారి ఎవరో కొండెక్కి కుక్కకి ఒక సూది వేస్తే సరిపోతుంది కదా అని పాడేరు దారంతా అదే ఆలోచన. చెయ్యి సలుపుతోంది, అందుకని ఇంకా గట్టిగా ఆలోచించాను.

కాలూకి అంతకు ముందే టీకా వేశాం కదా, ఇంకేం భయం అని డ్రైవర్ అన్న అడిగాడు. ఆ రోజు వేసింది ఆ రోజే పనిచెయ్యదు. అందుకని కరిచిన కుక్కని పది రోజులు చూడాలి, పది రోజులూ మామూలుగా తిని తిరిగితే కరిచేనాటికి దానికి జబ్బు లేనట్టే. అవ్వ మనవడు రోజూ పనస చెట్టు దగ్గరికి వచ్చి ఫోన్ చేస్తానని ఒప్పుకున్నాడు.

ఆరో రోజు, బుధవారం

పాడేరులో మోదకొండమ్మకి దండం పెట్టుకుని దిగిపోయాం. టీకాలు మిగిలి ఉంటే ఇంకో ఊరు వెళ్ళేవాళ్ళం, మిగలకపోవడానికి కారణం ఎవరో పైన రాశాను.

ఘాట్ దిగుతున్నప్పుడు మళ్ళీ ఎప్పుడు రావాలనే దాని మీద వాదన. ఊరంతా చేసేది సెప్టెంబర్ 28న, రేబిస్ టీకా కనిపెట్టిన లూయీ పాశ్చర్ వర్ధంతి, రేబిస్ దినం. బ్యానర్లు కట్టడానికి మంచిరోజే. కానీ సెప్టెంబర్లో ఏజెన్సీలో గెడ్డలు పొంగుతాయి, మేము నడిచిన దారిలో ఆ రెండు గెడ్డలూ దాటలేం. డిసెంబర్ అయితే దారులు బాగుంటాయి, కానీ కార్తీకంలో చూలు కట్టిన కుక్కలు పుష్యంలో పిల్లలు పెడతాయి, మనం వచ్చి వెళ్ళాక పుట్టినవాటికి టీకా ఉండదు. సహాయకుడు వెనక సీట్లోంచి, "ఇటుకల పండక్కి ముందు రండి సార్" అన్నాడు. మార్చి నెలాఖరు. దారులు పొడిగా ఉంటాయి, పుష్యం పిల్లలకి మూడు నెలలు నిండుతాయి, వేటకి ముందు ప్రతి ఇంటివాడూ తన కుక్కని దగ్గరుంచుకుని మంచిగా తిండి పెట్టుకుంటాడు. మావాడు డైరీ తీసి రాసుకున్నాడు.

ఆ తర్వాత

మూడో రోజు డోసు విశాఖలో వేయించుకున్నాను, ఏడో రోజుదీ అయ్యింది. ఇరవై ఎనిమిదో రోజుది సరిగ్గా సంక్రాంతి ముందు పడింది.

మనవడు రోజూ ఫోన్ చేశాడు. ఒక్క రోజు మాత్రం వాన వల్ల చెయ్యలేదు, ఆ రోజు నాకు అన్నం సహించలేదు, మంచినీళ్ళు తాగుతూ గొంతు పట్టేస్తోందా అని చూసుకున్నాను, ఇంట్లో కుక్కకి కూడా దూరంగా కూర్చున్నాను. మర్నాడు పొద్దున్నే ఫోన్. "బాగున్నాడు సార్, తిన్నాడు."

పదో రోజు ఫోన్ అవ్వే చేయించింది. గాలి హోరు, వెనకాల మనవడు నవ్వుతున్నాడు. కాలూ నిక్షేపంగా ఉన్నాడట. రాత్రి పక్కింటి కోడిపెట్టని ఎత్తుకుపోయి తినేశాడట. నీలం చుక్క ఇంకా వీపు మీద ఉంది కాబట్టి దొరికిపోయాడు, ఆ చుక్క పెట్టింది నేను కాబట్టి పెట్ట డబ్బులు నేనే పంపాలని అవ్వ మాట.

నాలుగు వందలు పంపాను.